ఉపదేశమునకు లొంగని వ్యాధి

మంచిచెడ్డలు తెలిసినవాడు చెడుదారి త్రొక్కడనునది లోకమున చిరకాలముగా నిలిచియున్న నమ్మకము. పల్లెటూరి బడిపంతులు మొదలు రాజ్యాంగ ధురంధరుల వఱకు ఎల్లరును ఈ నమ్మకమునే ఆధారముగా గొని తమ కార్యములు సాగించుచున్నారు. ప్రజలకు తెలియజెప్పిన చాలును, వారు తామే దిద్దుకొందురని మనము తలంచుచుందుము. చెప్పినను దిద్దుకొననివారిని మూర్ఖులనియో, నీతిబాహ్యులనియో నిందించి చేతులు దులుపుకొందుము. ఈ నమ్మకమునందు సత్యమెంత, భ్రమయెంత యను విషయమును హెచ్.ఐ.వి. వ్యాధి పరీక్షించినంత కఠినముగా మఱియే వ్యాధియు పరీక్షించి యుండలేదు.

ఈ వ్యాధి 1981లో అమెరికా వైద్యుల దృష్టికి వచ్చినది. 1983లో ఫ్రాన్సు దేశపు పాస్టరు సంస్థవారు దీనికి మూలమైన వైరస్‌ను కనుగొనిరి. 1986లో మద్రాసు నగరమున డాక్టరు సునీతి సోలోమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల కలిసి లైంగిక కార్మికురాండ్ర రక్తమును పరీక్షించి, ఇది మన దేశమునను ప్రవేశించినదని లోకమునకు వెల్లడించిరి. రక్తము ద్వారా, సూదుల ద్వారా, తల్లినుండి బిడ్డకును ఇది సోకునుగాని, అత్యధికముగా వ్యాపించునది సంభోగము వలననే. 1996 వఱకు దీనిని అదుపులో నుంచగల గట్టి మందు లేదు. టీకా నేటికిని లేదు. కావున తొలి పదునైదేండ్లును మానవుని నడవడియే ఈ వ్యాధికి ఏకైక దుర్గముగా నుండెను. ఆ నడవడిని మార్చుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పలు దేశముల పండితులు వేలకొలది మనుష్యులతో పరీక్షలు నడపిరి. వాని ఫలితములు మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకు కేవలము వినోదార్థములు కావు. 2023 నాటి అంచనా ప్రకారము భారతదేశమున 25 లక్షలకు పైగా జనులు ఈ వైరస్‌తో జీవించుచుండిరి. అట్టివారి సంఖ్యలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములు ముందువరుసన నిలిచినవి.

ఆ పరిశోధనములన్నిటి సారమును ఒక్క మాటలో చెప్పవలయునన్న నిట్లు చెప్పవచ్చును: ఉపదేశము అవసరమే, కాని ఉపదేశమును ఆచరింపగల శక్తి చేతలేనివానికి అది గాలిమాట. ఈ సత్యమునకు పండితులు ఎట్లు చేరిరో తెలిసికొనుట మిగుల ఉపయుక్తము.

మాట వేఱు, రక్తము వేఱు

ఇట్టి పరిశోధనమునకు మొదటి ఆటంకము కొలతలోనే యున్నది. జ్వరమును కొలుచుటకు సాధనము కలదు. ఏకాంతమున జరుగు కార్యమును కొలుచుటెట్లు? ఆ మనుష్యునే అడుగవలయును. అడిగినచో అతడు ప్రశ్నించువానికి ఏది సంతోషము కలిగించునో దానినే చెప్పును. "కండోము వాడితివా?" యని వైద్యశాలలో అడిగినప్పుడు, వాడవలెనని నెలల తరబడి బోధింపబడినవాడు "వాడలేదు" అని చెప్పుటకు ఎంత ధైర్యము కావలయునో పాఠకులే యోచింపవచ్చును.

జింబాబ్వే దేశమున జరిగిన ఒక పరిశోధనమున స్త్రీల మాటలను దేహపరీక్షతో సరిచూచిరి. ఇటీవలనే రక్షణలేని సంబంధము జరిగినదని పరీక్ష నిస్సందేహముగా తేల్చిన స్త్రీలలో దాదాపు సగము మంది, గడచిన రెండు దినములలో తాము సంభోగింపలేదనియో, కండోముతోనే సంభోగించితిమనియో చెప్పియుండిరి. ఇంతకంటెను విస్మయకరమైనది "వాయిస్" అను పేర దక్షిణాఫ్రికా, యుగాండా, జింబాబ్వేలలో 2009 మొదలు 2012 వఱకు జరిగిన పరీక్ష. ఇందు 5,029 మంది స్త్రీలు పాల్గొనిరి. వ్యాధి రాకుండ దినమున కొక మాత్ర మ్రింగుటయో, లేపనము వాడుటయో వారికి విధింపబడెను. నూటికి 90 వంతులు మందు వాడితిమని వారు చెప్పిరి. తిరిగి యిచ్చిన డబ్బాలలోని మాత్రలను లెక్కించినను దాదాపు అంతే తేలెను. కాని రక్తమును పరీక్షింపగా మందు కనబడినది నూటికి 30 వంతులకు మించలేదు. ఏ మందును వ్యాధిని తగ్గింపలేదు.

ఆ స్త్రీలను అసత్యవాదులని నిందించుట సులభము. కాని తరువాత వారితో తీరికగా మాటలాడినవారికి తెలిసినది వేఱు. మాత్రలడబ్బా ఇంట కనబడినచో తమకు వ్యాధియే కలదని భర్తయు, ఇరుగుపొరుగును తలంతురను భయము వారిని వెన్నాడినది. మందు వాడలేదని చెప్పినచో వైద్యశాలవారి ఆదరము పోవునేమో యను శంకయు కలిగినది. కాబట్టి అసత్యమునకు కారణము దుర్బుద్ధి కాదు, సిగ్గును భయమును. ఈ రెంటిని తొలగింపక నడవడిని మార్చబూనుట పునాది లేని మేడ కట్టుటయే యగును. మఱియు, ఏ సంస్థయైనను తన బోధవలన ప్రజలు మారిరని చెప్పినప్పుడు, "వారు చెప్పిన మాటవలన తెలిసినదా? రోగము తగ్గుటవలన తెలిసినదా?" యని మనము అడుగక తప్పదు.

బోధ ఫలించిన చోటు, ఫలింపని చోటు

బోధ యెన్నడును ఫలింపలేదనుట న్యాయము కాదు. అమెరికాలో "రెస్పెక్ట్" అను పరీక్ష 1998లో ప్రకటింపబడెను. అయిదు నగరములలోని సుఖవ్యాధుల వైద్యశాలలకు వచ్చిన 5,758 మందిని చీట్లు వేసినట్లు వేర్వేఱు తెగలుగా విభజించిరి. ఒక తెగవారికి మామూలుగా వైద్యశాలలలో చెప్పు హితవచనములనే చెప్పిరి. వేఱొక తెగవారితో ఇరువది నిమిషముల చొప్పున రెండుమాఱులు కూర్చుండి సంభాషించిరి. ఆ సంభాషణములో ఉపన్యాసము లేదు. "నీకు అపాయము ఎచ్చట కలుగుచున్నది? దానిని తగ్గించుటకు రాబోవు వారములో నీవు చేయగల చిన్న పని యేది?" యని అడిగి, అతని నోటనే ఉపాయమును చెప్పించిరి. ఆఱు నెలల పిమ్మట పరీక్షింపగా, సంభాషణము పొందినవారిలో క్రొత్తగా సుఖవ్యాధి సోకినవారు, హితవచనములు మాత్రము విన్నవారికంటె నూటికి 30 వంతులు తక్కువగా నుండిరి. ఏడాదికి ఆ వ్యత్యాసము 20 వంతులకు తగ్గినది. ఇది మాటలలో కాక వ్యాధిలోనే కొలువబడిన ఫలితము గనుక గౌరవింపదగినది.

కాని కథ అక్కడితో ముగియలేదు. అదే దేశమున, అట్టి వైద్యశాలలలోనే, 5,012 మందితో జరిగిన "అవేర్" అను పరీక్ష ఫలితములు 2013లో వెలువడినవి. ఈలోగా కొన్ని నిమిషములలోనే ఫలితము తెలియజేయు రక్తపరీక్ష వచ్చియుండెను. కావున సంభాషణము రెండు దఫాలు కాక ఒక్క దఫాగానే జరిగినది. ఆఱు నెలలకు చూడగా, సంభాషణము పొందినవారిలో సుఖవ్యాధి సోకినవారు నూటికి 12.3, సమాచారము మాత్రము పొందినవారిలో 11.1. అనగా సంభాషణమువలన ప్రయోజనమే కానరాలేదు. ఒక కాలమున, ఒక పద్ధతిని పనిచేసినది వేఱొక కాలమున, వేఱొక పద్ధతిని పనిచేయవలెనను నియమము లేదు.

పురుషులతో సంబంధము గల పురుషులు 4,295 మందితో అమెరికాలోని ఆఱు నగరములలో జరిగిన "ఎక్స్‌ప్లోర్" పరీక్షయు ఇట్టిదే. దీని ఫలితములు 2004లో ప్రకటింపబడినవి. పది పర్యాయములు ఒక్కొక్కరితో సంభాషించి, ఆపై మూడేసి నెలలకు మఱల జ్ఞప్తి చేయుచు వచ్చిరి. హెచ్.ఐ.వి. సోకుట నూటికి 18 వంతులు తగ్గినట్లు కనబడినను, అది కాకతాళీయము కాదని రూఢిగా చెప్పుటకు వీలులేకపోయెను. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో కనబడిన మేలు క్రమముగా సన్నగిల్లినది.

యువజనుల విషయమున టాంజానియా దేశపు మ్వాంజా ప్రాంతమున జరిగిన పరీక్ష మఱింత గుణపాఠము. ఇరువది పల్లె సమూహములను రెండుగా విభజించి, సగమింట పాఠశాలలలో లైంగిక విషయములు బోధించిరి. వైద్యశాలలను యువజనులకు అనుకూలముగా దిద్దిరి. 9,000కు పైబడిన యువతీయువకులను మూడేండ్లు గమనించిరి. పిల్లల జ్ఞానము పెరిగినది. వారు చెప్పిన అభిప్రాయములును మెరుగుపడినవి. కాని రక్తము పరీక్షింపగా హెచ్.ఐ.వి.లో గాని, ఇతర సుఖవ్యాధులలో గాని తగ్గుదల లేదు. 2007-08లో మఱల పరీక్షించిరి. జ్ఞానము నిలిచియున్నది, వ్యాధియు నిలిచియున్నది. పేదరికముచేత వయసు మీఱినవానికి లోబడు బాలికకు పాఠము కంఠస్థమై యుండవచ్చును. ఆ పాఠము ఆమె చేతికి అధికారము నీయదు గదా!

కట్టడి చేసిన శ్యామదేశము

మనుష్యునికి కాక, అతడు మెలగు పరిసరమునకు చికిత్స చేసిన దేశము థాయిలాండు. 1989లో డాక్టరు వివత్ రోజనపిథయకర్న్ రాచబురి రాష్ట్రమున ఒక నియమమును ప్రవేశపెట్టెను. వేశ్యాగృహములలో ఎక్కడనైనను కండోము లేకుండ ఎవ్వరిని అనుమతింపరాదు. ఇందలి సూక్ష్మము గమనింపదగినది. ఒక్క స్త్రీ "వలదు" అన్నచో విటుడు ప్రక్కయింటికి పోవును, ఆమెకు పొట్ట గడవదు. అందఱును ఏకముగా "వలదు" అన్నచో అతడు పోవుటకు చోటే లేదు. సుఖవ్యాధితో వైద్యశాలకు వచ్చిన పురుషుని, అది ఎచ్చట సోకినదని అడిగి, ఆ గృహయజమానిని హెచ్చరించుచుండిరి. ఆ నియమము 1991లో దేశమంతటికిని వర్తింపజేయబడెను.

ఫలితము అద్భుతము. 1989లో నూటికి 14గా నున్న కండోము వాడుక 1993 నాటికి 94 అయ్యెను. ఇవి మాటలేగదా యని శంకించువారికి రోగపు లెక్కలే సమాధానము చెప్పినవి. ఆ కాలమున పురుషులలో ముఖ్య సుఖవ్యాధులు నూటికి 79 వంతులు తగ్గినవి. ఉత్తర ప్రాంతమున సైన్యమున చేరు ఇరువదియొక్క యేండ్ల యువకులలో 1991, 1993 సంవత్సరములలో నూటికి 10 మొదలు 12 మందికి పైగా హెచ్.ఐ.వి. యుండగా, 1995లో చేరినవారిలో అది 6.7కు దిగినది.

అయినను ఈ విధానమునకు ఒక చీకటి పార్శ్వము కలదు. నియమము నడచినది పోలీసుల భయమువలన, యజమానుల అధికారమువలన. ఆ స్త్రీల సమ్మతిని అడిగినవారు లేరు. ప్రాణము కాపాడబడినది గాని ఆత్మగౌరవము వారి చేతికి రాలేదు. ఇట్టి బలవంతముతో పనిలేకయే అదే ఫలమును పొందుట సాధ్యమా? దీనికి జవాబు మన వంగదేశమే యిచ్చినది.

సోనాగాచి చూపిన మార్గము

కలకత్తాలోని సోనాగాచిలో 1992లో డాక్టరు స్మరజిత్ జానా పని ప్రారంభించెను. బోధకులుగా బయటివారిని కాక, ఆ వీధిలోని స్త్రీలనే నియమించెను. స్త్రీలకు కండోము మేలు తెలియకపోలేదని త్వరలోనే అవగతమైనది. విటుడు కాదన్నచో ఏమి చేయుట? పిల్లల బడిజీతము, అప్పులవాని వడ్డీ, పోలీసువాని మామూలు, రౌడీల దెబ్బలు, ఇవన్నియు ఒక్కుమ్మడిగా తరుముచున్నప్పుడు "కాదు" అనుట ఎట్లు? కాబట్టి వ్యాధిని గూర్చిన పని క్రమముగా అప్పును గూర్చిన పనియై, చదువును గూర్చిన పనియై, హక్కును గూర్చిన పనియైనది. 1995లో ఆ స్త్రీలు దర్బార్ మహిళా సమన్వయ సమితిని స్థాపించుకొనిరి. "ఉషా" యను సహకార సంఘము పెట్టి వడ్డీవ్యాపారుల పట్టు సడలించిరి. చేతిలో నాలుగు రూపాయలు నిలిచినప్పుడే నోట "కాదు" అను మాట పలుకునని వారి అనుభవము చాటినది.

ఇది సోనాగాచికి మాత్రమే చెల్లునా యను సందేహము తీర్చుటకు, ఉత్తర వంగదేశమందలి కూచ్ బిహార్, దిన్హాటా పట్టణములలో రెండువందల మంది స్త్రీలతో పరీక్ష చేసి, ఫలితములను 2004లో ప్రకటించిరి. ఒక పట్టణమున మామూలు ఆరోగ్యసేవ మాత్రము, రెండవ పట్టణమున దానితోపాటు సోనాగాచి విధానము నడపిరి. కండోము వాడుక రెండవ పట్టణమున 39 వంతులు పెరుగగా, మొదటి పట్టణమున 11 వంతులు మాత్రమే పెరిగినది. ఎల్లప్పుడును వాడువారు ఒకచోట 25 వంతులు పెరుగగా, వేఱొకచోట 16 వంతులు తగ్గిరి. ఇది చిన్న పరీక్షయే. ఆ స్త్రీల మాటలపైననే ఆధారపడినదియును. మనము పైన చెప్పుకొనిన జాగ్రత్త దీనికిని వర్తించును. అయినను మార్గము నిర్దేశించినది.

గోదావరి తీరమున

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2003లో గేట్స్ ఫౌండేషన్ సాయముతో "ఆవాహన్" అను కార్యక్రమము ఆంధ్రప్రదేశ్ మొదలగు ఆఱు రాష్ట్రములలో ప్రారంభమై, తరువాత క్రమముగా ప్రభుత్వమునకు అప్పగింపబడెను. ఆ రోజులలో రాజమహేంద్రవర ప్రాంతమున పరిశోధకులు ఎనిమిదివందలకు పైబడిన లైంగిక కార్మికురాండ్రను కలిసి విచారించిరి. కార్యక్రమముతో సంబంధము కలిగి, తన పని నియమములను తానే నిర్ణయించుకొనగల స్త్రీ కండోమును క్రమముగా వాడుచున్నదని తేలినది. పోలీసులవలన పొందిన బాధలను గూర్చియు ప్రత్యేకముగా అడిగిరి. కేసు తప్పించుకొనుటకు పోలీసువానికే లొంగవలసి వచ్చినవారిలోను, కండోములు లాగికొనబడినవారిలోను సుఖవ్యాధుల చిహ్నములును, రక్షణలేని సంబంధములును అధికముగా కనబడినవి. ఒక ప్రభుత్వశాఖ కండోమును ఉచితముగా పంచుచుండగా, మఱియొక శాఖ దానినే నేరమునకు సాక్ష్యముగా లాగికొనుట ఎంత విపరీతము!

రోగము తగ్గినదా యను ప్రశ్నకును జవాబు కలదు. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో గర్భిణుల వైద్యశాలలకు వచ్చిన 15 మొదలు 24 ఏండ్ల వయసు స్త్రీలలో హెచ్.ఐ.వి. 2000లో నూటికి 1.7 ఉండగా, 2004లో 1.1కు తగ్గినదని 2006లో ప్రకటింపబడిన పరిశీలన తెల్పినది. మూడవవంతు తగ్గుదల! ఇది ఆవాహన్ పూర్తిగా నెలకొనక మునుపటి మాట. ఆవాహన్ తొలి అయిదేండ్లలో సుమారు ఒక లక్ష మందికి వ్యాధి సోకకుండ నివారింపబడినదని 2011లో మఱియొక అంచనా వెలువడినది. ఇట్టి అంచనాలలో అనిశ్చితి కొంత యుండక తప్పదు. కాని దారి సరియైనదనుటకు సాక్ష్యములు ఒక్కచోటనుండి కాక పలుచోట్లనుండి వచ్చి కలియుచున్నవి.

రెండు ఆక్షేపణలు

ఇవి విన్నవారు రెండు ఆక్షేపణలు తెత్తురు. మొదటిది నీతికి సంబంధించినది. కండోమును పంచుట, పిల్లలకు లైంగిక విషయములు బోధించుట విశృంఖలత్వమును పెంచునని పెద్దలు భయపడుదురు. వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. పరీక్షించియే చూడవలయును. పరీక్షించిరి కూడ. థాయిలాండు ఉత్తర ప్రాంతమున కండోము విరివిగా ప్రచారమైన కాలముననే, వేశ్యాగృహమునకు ఎన్నడైన పోతినని చెప్పిన సైనిక యువకుల సంఖ్య 1991లో నూటికి 81 ఉండి, 1995 నాటికి 64కు తగ్గినది. పాఠశాలలలో లైంగిక విద్యవలన పిల్లలు తొందరపడి సంబంధములలో దిగుట లేదని యునెస్కో పలుదేశముల పరిశోధనములను పరిశీలించి తేల్చినది. దాచినచో పవిత్రత నిలుచునను వాదమునకు ఆధారము దొరకలేదు.

రెండవ ఆక్షేపణ క్రొత్తది. ఇప్పుడు మంచి మందులు వచ్చినవి గదా, నడవడిని గూర్చిన చర్చ యేల యని. మందుల మహిమ నిజమే. వ్యాధి గలవాడు వెంటనే మందు పుచ్చుకొన్నచో అతనినుండి భాగస్వామికి సోకుట నూటికి 96 వంతులు తగ్గునని 2011లో వెలువడిన పరీక్ష ఋజువు చేసినది. మద్రాసు, పూనాలును ఆ పరీక్షకు క్షేత్రములు. మన ప్రభుత్వము 2004 మొదలు ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. కాని రక్తపరీక్షకు పోవలసినవాడు మనుష్యుడే, దినదినమును మాత్ర మ్రింగవలసినవాడును మనుష్యుడే. మాత్ర చేతిలో నుండియు సిగ్గుచేత మ్రింగలేని స్త్రీల కథ పైన చెప్పియే యున్నాము. మందు వచ్చినంతమాత్రమున నడవడి ప్రశ్న తీరలేదు, వేఱు రూపము దాల్చినది.

కర్తవ్యము

శాసనమున చేయవలసినది కొంత జరిగినది. వ్యాధిగ్రస్తులపట్ల విచక్షణను నిషేధించు చట్టము 2017లో చేయబడి 2018లో అమలునకు వచ్చినది. లైంగిక కార్మికురాండ్ర ఆరోగ్యరక్షణ సాధనములను నేరముగా గాని, నేరమునకు సాక్ష్యముగా గాని ఎంచరాదని సుప్రీంకోర్టు 2022 మేలో ఆదేశించినది. ఈ ఆజ్ఞ ఢిల్లీ కాగితముమీద నున్న చాలదు, మన తాలూకా పోలీసు ఠాణా గోడమీదను, అంతకంటె ఠాణాధికారి మనసునందును వ్రాయబడవలయును.

మిగిలినది మన వంతు. చెప్పుటకంటె వినుట నేర్చుకొనవలయును. చెప్పేవానికి వినేవాడు లోకువయని మన సామెత. ఈ లోకువతనమే మన ఆరోగ్యప్రచారమును చిరకాలము పాడుచేసినది. గోడమీది బొమ్మను, మైకులోని కేకను చూపి పని జరిగినదని అధికారులు లెక్క వ్రాయకుందురుగాక. ఎంతమంది విన్నారని కాక, ఎంతమందికి వ్యాధి సోకకుండ నిలిచినదని అడుగు అలవాటు శాసనసభలకును, పత్రికలకును కలుగుగాక. వ్యాధి తగ్గినదని సంతసించి సంఘములకు సాయము కుదించుట, గట్టు నిలిచినదిగదా యని గట్టుకు మన్ను వేయుట మానుటవంటిది. గోదావరి వరద నెఱిగినవారికి దాని పర్యవసానము వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

మనుష్యునికి దారి చూపుట మంచిదే. ఆ దారిని నడచుటకు అతని కాళ్ళకు గల సంకెలలు విప్పుట అంతకంటె మంచిది. మొదటి పని మాత్రము చేసి రెండవదానిని మఱచినచో, దోషము నడువలేనివానిది కాదు, మనది.